నది నెక్కు రేవు, నది విడుచు రేవు

రేవు అను మాట గోదావరి తీరమున పుట్టిన బిడ్డలకు క్రొత్తది కాదు. స్నానపు రేవు, చాకిరేవు, నీళ్ల రేవు, పశువుల రేవు, పడవల రేవు అని ఒక్కొక్క గ్రామమునకు నాలుగైదు రేవులుండును. కోనసీమలో ఓడలరేవు అను పేర ఒక గ్రామమే కలదు. నిత్యము ఈ మాటను వాడుచుండియు, కోసుల కొలది సాగిన గట్టున ఒక్క చోటు మాత్రమే రేవయి, తక్కిన చోట్లు ఏల రేవులు కాలేదో మనము విచారించుట అరుదు. ఈ సంవత్సరము మన పాఠశాలలోని పై తరగతుల విద్యార్థులు కొందరు చిరుపడవలపై ఒక పూట నదీవిహారము చేయుటకు అనుమతి వేడిరి. తల్లిదండ్రులలో కొందరు ఇందుకు సంతసించిరి, కొందరు భయపడిరి. ఇరుపక్షములందును న్యాయము కలదు. ఏటేట సెలవులలో ఈత కని రేవునకు పోయి తిరిగి రాని బిడ్డల వార్తలను పత్రికలలో చదువుచున్నవారికి భయము కలుగుట సహజమే. అందువలన ఇట్టి ప్రయాణమునకు ముందుగా తెలిసికొనవలసిన విషయమును, అనగా రేవుల సంగతిని, ఇచ్చట కొంత వివరింప దలచితిమి.

విద్యార్థులు కోరినది కయాకు అను పడవ. ఇది మన దోనెకు దూరపు బంధువు. గ్రీన్లాండు మొదలగు హిమదేశములలో నివసించు ఇన్యుయిట్ జనులు కొయ్యతోను ఎముకలతోను చట్రము కట్టి, దానిపై సీలు చర్మము బిగించి, సముద్రమున వేటాడుటకై దీనిని నిర్మించుకొనిరి. 1865వ సంవత్సరమున జాన్ మెక్‌గ్రెగర్ అను న్యాయవాది ఈ మాదిరిని కొయ్యపడవ నొకదానిని చేయించుకొని ఐరోపా ఖండపు నదులపై ఒంటరిగా ప్రయాణము చేసెను. మరుసటి సంవత్సరము ఆయన ఆ ప్రయాణమును గూర్చి గ్రంథము ప్రకటింపగా, వేటపడవ వినోదపు పడవ కూడ నాయెను. ఇప్పుడు వీనిని ఎక్కువగా ప్లాస్టిక్కుతో చేయుచున్నారు. పొడవు 10 మొదలు 14 అడుగులు. బరువు 20 మొదలు 30 కిలోగ్రాములు. ఎక్కినవాడు కాళ్లు చాపుకొని అడుగునకు దగ్గరగా కూర్చుండును. అతని చేతిలోని తెడ్డునకు రెండు కొనలయందును ఆకులుండును. జానెడు నీరున్నచోటనైనను ఈ పడవ తేలును. లాంచీ చేరలేని ఒడ్డునకు ఇది సులభముగా చేరగలదు. అయితే దీనికి యంత్రము లేదు. ఎక్కినవాని భుజబలమే దీనికి బలము. ప్రవాహము ఆ బలమును మించినచో, పడవ ఎచ్చటికి పోవలెనో నిర్ణయించునది నదియే గాని మనము కాము.

ఈ సంగతిని గూర్చి మేము రేవునందలి ఒక వృద్ధుడైన పడవవానిని అడిగితిమి. ఆయన తెడ్డు ప్రక్కన పెట్టి, “ఎక్కేది ఎక్కడైనా ఎక్కవచ్చునండీ మాష్టారూ, దిగే చోటే ముందు చూసుకోవాలండీ” అనెను. ఆయన మాట మాకు గ్రంథములలో చదివినదాని కంటె విలువగా తోచినది. నదిపై విహారమునకు రెండు రేవులు కావలెను. మొదటిదానిని ఎక్కు రేవు అనియు, రెండవదానిని దిగు రేవు అనియు ఇచ్చట పిలుచుచున్నాము. మొదటిదానియందు అందరకును శ్రద్ధయే. అచ్చట ఫొటోలు తీసికొందురు. తల్లిదండ్రులు వీడ్కోలు చెప్పుదురు. రెండవదానిని పలువురు తలంపనే తలంపరు. ఏరు దాటి తెప్ప తగలవేసిన కృతఘ్నుని కథ మన పెద్దలు చెప్పుదురు. తెప్ప ఎక్కక ముందే ఆవలి ఒడ్డును మరచువాడు అతని కంటె తెలివిమాలినవాడు.

దిగు రేవును ముందు ఏల చూడవలెనో ఎనిమిదవ తరగతి లెక్కవలన తేటపడును. సాధారణముగా తెడ్డు వేయువాడు నిలుకడ నీటిలో గంటకు 4 కిలోమీటర్లు పోవు ననుకొందము. ప్రవాహవేగము గంటకు 2 కిలోమీటర్లు. వాలున పోవునప్పుడు గంటకు 6 కిలోమీటర్లు సాగును. ఎదురు వచ్చునప్పుడు 2 మాత్రమే సాగును. ఉదయము ఉత్సాహముతో 12 కిలోమీటర్లు దిగువకు పోవుటకు 2 గంటలు చాలును. అంత దూరము తిరిగి వచ్చుటకు 6 గంటలు పట్టును. చేతులు అలసిన పిమ్మట అదియు సాగదు. ప్రవాహవేగమే 4 కిలోమీటర్లయినచో, ఎంత తెడ్డు వేసినను పడవ ఉన్నచోటనే నిలుచును. ఆ ప్రయాణమునకు తిరుగుదారి లేదు. దిగువను మరియొక రేవుండవలెను. ఆ రేవు వద్ద మనుష్యులును బండియు వేచియుండవలెను. ఆ రేవును నదిమీదనుండి గుర్తుపట్టుటకు ఒక గోపురమో, చెట్టో, స్తంభమో కన్నులకు కనబడవలెను. గట్టు మీద నిలిచి చూచిన రేవు వేరు, నీటిమీద కూర్చుండి చూచిన రేవు వేరు. కయాకులో కూర్చున్నవాని కన్ను నీటికి మూడడుగుల ఎత్తున కూడ ఉండదు. వానికి ఒడ్డంతయు ఒక్క పచ్చని గీతవలె కనబడును.

మంచి రేవు ఎట్టిది? నది వంపు తిరుగుచోట వెలుపలి ఒడ్డున నీరు వడిగా పారి మన్నును కోయుచుండును. అచ్చట గట్టు నిటారుగాను నీరు లోతుగాను ఉండును. లోపలి ఒడ్డున నీరు మెల్లగా పారి ఇసుకను మేటవేయును. పెద్ద పడవలకు లోతు కావలెను గనుక అవి మొదటిదానిని కోరును. చిరుపడవకు రెండవదే మేలు. ఒడ్డు నీటిలోనికి ముక్కువలె పొడుచుకొని వచ్చిన చోట, దాని దిగువ ప్రక్కను నీరు నిలుకడగా నుండును. ఒక్కొక్కప్పుడు వెనుకకు తిరిగి ఎగువకు పోవును. ఎక్కుటకును దిగుటకును అంతకంటె మంచి చోటు లేదు. ఈ సంగతిని రాజమహేంద్రవరమునందు కన్నులార చూడవచ్చును. 1900లో రైళ్లకు తెరువబడి 1997లో మూయబడిన హేవలాకు వంతెన స్తంభములు నేటికిని నదిలో నిలిచియున్నవి. నీరు వచ్చుచున్న దినములలో ఒక స్తంభమును కొంతసేపు గమనింపుడు. ఎగువ ప్రక్క నీరు కొట్టుకొని ఉబుకును; ప్రక్కలను వడిగా జారును; దిగువ ప్రక్క శాంతముగా నుండి, ఆకొక్కటి పడినచో సుడి తిరుగుచు అచ్చటనే నిలుచును. స్తంభపు వెనుకభాగము చిరుపడవకు ఆశ్రయము, ముందుభాగము మృత్యువు. అడ్డముగా వచ్చి స్తంభమునకో, నీటిలో పడియున్న చెట్టుకొమ్మలకో తగిలిన పడవను నీటి బరువంతయు నొక్కి పట్టును. కొమ్మలనుండి నీరు జల్లెడలోనుండి పోయినట్లు పోవును; మనుష్యుడు పోలేడు. అందువలన దిగు రేవునకు దిగువను పడిన చెట్లుగాని, మత్స్యకారుల వలకఱ్ఱలుగాని, వంతెనగాని సమీపమున ఉండరాదు. తప్పిపోయినవానికి మరల ప్రయత్నించుటకు చోటుండవలెను.

మెట్ల రేవులను గూర్చి ఒక మాట. 2015 పుష్కరములకై గోదావరి రెండు గట్లయందును అనేక రేవులకు సిమెంటు మెట్లు కట్టిరి. కోటిలింగాల రేవు విశాలమైనది. ఆవలి ఒడ్డున కొవ్వూరునందు గోష్పాద రేవు కలదు. స్నానము చేయువారికి ఇవి సదుపాయములే. చిరుపడవకు అంత సదుపాయములు కావు. మెట్టు అంచునకు పడవ ఒరసికొనును. మునిగిన మెట్లపై పాచి పేరుకొని కాలు నిలువదు. నీరు ఒక అడుగు తగ్గినను ఎక్కు విధానమే మారును. ఏటవాలుగా మెల్లగా దిగిన ఇసుక ఒడ్డు లభించినచో దానినే ఎన్నుకొనవలెను. ఇసుక అనగానే మరియొక అపాయము జ్ఞప్తికి వచ్చును. లారీలు నదిలోనికి దిగుటకై వేసిన ఇసుక ర్యాంపులు మన ప్రాంతమున చాల కలవు. బాట నీటివరకు ఉండును. పడవను మోసికొని పోవు శ్రమ లేదు. చూచుటకు ఉత్తమమైన రేవువలెనే ఉండును. కాని ఇసుక త్రవ్విన గుంటలు నీటి క్రింద కనబడవు. మోకాలి లోతున నడచుచున్నవాడు మరుసటి అడుగున నిలువు లోతున మునుగును. ర్యాంపు ఉన్నచోట గడతో లోతు చూడనిదే ఒక్క విద్యార్థిని కూడ నీటిలో దింపరాదని మా నిశ్చయము.

పడవ ఎక్కునప్పుడును దిగునప్పుడును బోల్తాపడుటలు ఎక్కువ. నడినదిలో జాగ్రత్తగా నుండువారే ఒడ్డు చేరగానే లేచి నిలుచుందురు. నిలిచినవాని బరువు పైకి పోవును. సన్నని పడవ ప్రక్కకు ఒరుగును. మోకాలి లోతు నీటిలో పడవను ఒడ్డునకు సమముగా నిలిపి, తెడ్డును వెనుక అడ్డముగా ఉంచి ఒక కొన ఒడ్డుపై ఆనించి, దానిపై చేయి మోపి కూర్చుండవలెను. దిగునప్పుడు రేవును కొంచెము దాటబోవుచుండగా పడవ ముక్కును ఎగువకు త్రిప్పి, ప్రవాహమునకు ఎదురుగా తెడ్డు వేయుచు మెల్లగా ఒడ్డునకు చేరవలెను. అప్పుడు వేగము తగ్గి పడవ చేతిలో నుండును. ముక్కు దిగువకు పెట్టి వచ్చినవాడు రేవును ఢీకొనును, లేదా దాటిపోవును. మన నాటుపడవలవారును బడిచదువు లేకయే ఈ విధముననే చేయుదురు.

ఇక గోదావరిపై ఏ భాగము తగును? రాజమహేంద్రవరము రోడ్డు-రైలు వంతెననుండి ధవళేశ్వరము బ్యారేజీవరకు గల 8 కిలోమీటర్ల నీరు చలికాలమున చెరువువలె నుండును. బ్యారేజీయే దానిని నిలిపియుంచినది. సర్ ఆర్థరు కాటను పర్యవేక్షణలో 1847లో ఆరంభింపబడి 1852లో ముగిసిన ఆనకట్టకు బదులుగా ఇప్పుడు తలుపుల బ్యారేజీ కలదు. దీని వలన డెల్టా పండుచున్నది. చిరుపడవకు మాత్రము దీనికంటె భయంకరమైన కట్టడము లేదు. ఎగువనుండి చూచువానికి నీటిమట్టము సమముగా, శాంతముగా కనబడును, జలపాతము కనబడదు. తెరచిన తలుపులయొద్ద నీరు లోనికి లాగును. దిగువను పడిన నీరు అడుగునకు పోయి, పైకి లేచి, మరల కట్టడమువైపునకే దొర్లును. ఆ దొర్లుడులో చిక్కినది కొయ్యదుంగయైనను గంటల తరబడి అచ్చటనే తిరుగుచుండును. ఈతగాని నేర్పు అచ్చట పనికిరాదు. కాలువల తూముల వద్దను లాగుడుండును. ఈ కారణమున ఈ భాగమునందు వాలున పోవు ప్రయాణమునకు మేము సమ్మతింపము. ఎక్కు రేవును దిగు రేవును ఒక్కటియే కావలెను. ఉదయము బలముండగా ఎగువకు పోయి, అలసిన పిమ్మట వాలున తిరిగి వచ్చుట బుద్ధిమంతుల పద్ధతి. బ్రిడ్జిలంక, కేతవారిలంకవంటి లంకలవారు ప్రతిదినము పడవలపై పట్టణమునకు వచ్చి పోవుచుందురు. వారి దారికి అడ్డము పోరాదు. వారి సలహా లేక పోరాదు.

ఇంకను ఎగువకు పోయినచో పట్టిసీమ కలదు. నది నడుమ వీరభద్రాలయముగల ఆ తిప్పను చూచిన ఏ బాలునికైనను పడవపై పోవలెనను కోరిక కలుగును. అయితే ఆ ప్రాంతమున నదినీటిని తోడి కాలువలోనికి ఎత్తిపోయు 24 పెద్ద పంపులు కలవు. పంపులు నీటిని పీల్చుచోటికి చిరుపడవ ఎన్నడును సమీపింపరాదు.

పోలవరమునకు ఎగువనుండు పాపికొండల సంగతి వేరు. అచ్చట కొండలు రెండు ప్రక్కలనుండి నీటివరకు దిగివచ్చినవి. లోతు మిక్కుటము, ప్రవాహము ఇరుకు. చూచుటకు అంతకంటె సుందరమైన చోటు మన సీమలో లేదని మేమును ఒప్పుకొందుము. కాని రేవుల దృష్టితో చూచినచో అది దరిద్రమైన చోటు. గంటల తరబడి పోయినను కాలు మోపుటకు తగిన ఒడ్డు అరుదు. 2018 మే 15వ తేదీన మంటూరు వద్ద గాలివాన చెలరేగి లాంచీ మునిగినది. 2019 సెప్టెంబరు 15వ తేదీన నది పొంగియుండగా, గండిపోచమ్మ రేవునుండి బయలుదేరిన రాయల్ వశిష్ఠ అను విహారపు బోటు కచ్చులూరు వద్ద బోల్తాపడి సుమారు 50 మంది ప్రాణములు పోయినవి. సమీప గ్రామస్థులు నాటుపడవలతో వచ్చి చేతికి అందినవారిని ఒడ్డు చేర్చిరి. మునిగిన బోటును అక్టోబరు 22వ తేదీన గాని వెలికి తీయజాలకపోయిరి. దాని పిమ్మట ప్రభుత్వమువారు పడవల రేవులయొద్ద కంట్రోలు గదులను ఏర్పరచిరి. పెద్ద బోటునకే అట్టి గతి పట్టిన చోట చిరుపడవల మాట ఎత్తనక్కర లేదు. అదియు గాక పోలవరము కట్టడము వలన నది 2021నుండి స్పిల్‌వే మీదుగా మరలింపబడినది. రాజమహేంద్రవరమునుండి పాపికొండలకు నీటిమీదనే పోవు పూర్వపు దారి ఇప్పుడు లేదు. వెనుకకు ఎగదన్నిన నీటిలో పాత రేవులు కొన్ని మునిగినవి. పాత పటమును చూచి రేవు వెదకువాడు ఇండ్ల కప్పులపై పడవ నడపవలసి వచ్చును.

బ్యారేజీకి దిగువను నది గౌతమి, వశిష్ఠ అను పెద్ద పాయలుగా చీలును. కోటిపల్లి రేవునుండి ముక్తేశ్వరమునకును, సఖినేటిపల్లినుండి నరసాపురమునకును పంటులపై జనులు దాటుట మీరెరిగినదే. సముద్రము సమీపించినకొలది ఈ పాయలయందు పోటుపాటులు కలవు. ఒక పోటునకును తరువాతి పోటునకును నడుమ సుమారు 12 గంటల 25 నిమిషములు పట్టును. పోటున పచ్చిక అంచువరకు నీరుండి చక్కగా ఎక్కిన రేవే, పాటున మోకాలి లోతు బురదగా మారును. పోటువేళల పట్టిక చేతలేనివాడు అచ్చట పడవ దింపరాదు. ఇక కాలువలు చూచుటకు చిన్నవి, నీరు నెమ్మది. తల్లిదండ్రులకు అవియే భద్రమని తోచవచ్చును. కాని సిమెంటు పలకలు పరచిన కాలువ గట్లపై పాచి పట్టియుండును. పడినవాడు ఎక్కుటకు పట్టు దొరకదు. మెట్ల రేవు ఎంత దూరమున కలదో తెలియక కాలువలో దిగరాదు.

కాలమును గూర్చియు చెప్పవలెను. జూను మొదలు అక్టోబరువరకు గోదావరి చిరుపడవలది కాదు. ధవళేశ్వరము వద్ద నీటిమట్టము 11.75 అడుగులకు చేరినప్పుడు మొదటి ప్రమాదహెచ్చరికయు, 13.75 వద్ద రెండవదియు, 17.75 వద్ద మూడవదియు ఇత్తురు. భద్రాచలమునందు ఇవి 43, 48, 53 అడుగులు. 1986 ఆగస్టులో అచ్చట నది 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు లేచెను. ఈ హెచ్చరికలు ఊళ్లకొరకు ఏర్పడినవి, కయాకులకొరకు కాదు. మొదటి హెచ్చరిక లేదు గనుక నది క్షేమమని ఎవరును తలంపరాదు. చలికాలమున సైతము సీలేరు విద్యుత్కేంద్రములనుండి విడుచు నీటినిబట్టి మట్టము మారుచుండును. నిన్న తేలియున్న మెట్టు నేడు మునిగియుండవచ్చును. ఎండకాలమున మధ్యాహ్నము దాటిన పిమ్మట హఠాత్తుగా గాలి లేచును. మంటూరు ప్రమాదమునకు కారణము ఆ గాలియే.

ఇంత చెప్పి మేము అనుమతి నిరాకరింప బోవుచున్నామని విద్యార్థులు అనుకొనవలదు. నదీతీరమున చదువుకొనుచు నదిని గట్టుమీదనుండియే చూచుట మాకును ఇష్టము కాదు. సంక్రాంతి సెలవులు ముగిసిన పిమ్మట వచ్చు మొదటి శనివారము, ఉదయము 7 గంటలకు బయలుదేరి 10 గంటల లోపల అదే రేవునకు తిరిగి వచ్చునట్లు ఏర్పాటు చేయుచున్నాము. చెరువులో 50 మీటర్లు ఈదగలిగిన వారిని మాత్రమే చేర్చుకొందుము. ఒక్కసారికి ఆరు పడవలకు మించరాదు. రెండు నాటుపడవలు, ఒకటి ముందును ఒకటి వెనుకను, పోవును. ప్రాణరక్షక కోటును గట్టుమీదనే తొడిగి, గట్టుమీదనే విప్పవలెను. ఉక్కపోయుచున్నదని నదిలో విప్పినవానిని ఆ క్షణమే నాటుపడవ లోనికి ఎక్కింతుము. తల్లిదండ్రులు సంతకము చేయుటకు ముందు రేవును స్వయముగా చూడగోరినచో, ఆ వారములో ఏ సాయంకాలమైనను మాతో రావచ్చును. శుక్రవారము నాడు డ్రిల్లు మాష్టరుగారును ఆ వృద్ధుడైన పడవవాడును రేవునందు గడవేసి లోతు చూచి, చివరి మెట్టు తేలియున్నదో లేదో చూచి వత్తురు. మెట్టు మునిగియున్నచో ప్రయాణము మరుసటి శనివారమునకు వాయిదా పడును.